రెండున్నర అంగుళాల అంతస్తు

మా ఇంటి మొదటి అంతస్తు ఎత్తు రెండున్నర అంగుళాలు. ఈ సంగతి నాకు తెలియదు. మా ఆవిడ హైమవతికీ తెలియదు. నందిరేవు పురపాలక సంఘం వారు కాగితం పంపి తెలియజేసేదాకా, కింద కాపురం, పైన ఒక హాలు ఉన్న మామూలు మేడలో బతుకుతున్నామనే అనుకున్నాం.

హైమ కూచిపూడి నేర్పుతుంది. మేడ మీద హాల్లో ఇరవై నాలుగేళ్ళ నుంచి నేర్పుతోంది. ఆ హాల్లో గ్రానైటు పరిపించింది నేనే. ఇల్లు కట్టేటప్పుడు ముచ్చటపడి, అద్దంలా మెరవాలని చెప్పి మరీ వేయించాను. అలాగే మెరిసింది. ఆ మెరుపు మీద అన్నేళ్ళు పాదాలు కొట్టి కొట్టి హైమ మడమలు పాడైపోయాయి. రెండేళ్ళ కిందట తను ఆడడం మానేసింది. కుర్చీలో కూర్చుని, కర్రతో తాళం వేస్తూ పాఠం చెప్పేది. నలభై ఒక్కమంది పిల్లలు ఎదురుగా ఆడుతుంటే, కుర్చీ కింద ఆవిడ పాదాలు వాటంతటవే కదులుతుండేవి. నేను చూడనట్టు నటించేవాణ్ణి.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే దీపానికి ఎదురుగా పెట్టి, "అమ్మా, రాయి మెత్తబడదు. మీ వయసులో మడమా మెత్తబడదు. రెండిటికీ మధ్య చెక్కేదైనా వేయించుకోండి. మళ్ళీ ఆడొచ్చు," అన్నాడు.

"మళ్ళీ ఆడొచ్చా?" అంది హైమ. ఆయన చెప్పిన మిగతా మాటలేవీ ఆవిడ వినలేదు.

డాన్సు స్కూలు పెట్టి పాతికేళ్ళు నిండబోతున్నాయి. మాఘమాసంలో వార్షికోత్సవం. ఆ రోజు తను ఆడి తీరుతానని ఇంటికొచ్చే బస్సులోనే నిర్ణయించేసుకుంది.

ఆ ఆదివారం పట్నంలో పెద్ద షోరూముకి వెళ్ళాం. అక్కడి కుర్రాడు నమూనా పలకలు వరసగా పరిచి, "ఇది ల్యామినేట్ మేడమ్. చూడ్డానికి అచ్చం టేకులా ఉంటుంది," అన్నాడు. హైమ చెప్పులు విడిచి, పలక మీద నిలబడి, "తై" అని ఒక్క అడుగు వేసింది. షోరూములో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు.

"డబ్బా మోత," అంది.

"పోనీ వినైల్ చూడండి మేడమ్. నీళ్ళు పడినా ఏమీ కాదు."

దాని మీదా అడుగు వేసింది. "ఇది అసలు పలకడం లేదు బాబూ. చెప్పుల మీద చెప్పులు వేసుకున్నట్టుంది."

"అందరూ రంగు చూసుకుని తీసుకుంటారు మేడమ్," అన్నాడు కుర్రాడు, నా వంక జాలిగా చూస్తూ.

"నేను రంగు మీద ఆడను కదా నాయనా," అంది హైమ.

మూడు షోరూములు తిరిగి, పదకొండు రకాల పలకల మీద అడుగులు వేసి, ఖాళీ చేతులతో ఇంటికొచ్చాం. చివరికి మా ఊరి వడ్రంగి బ్రహ్మాజీయే దారి చూపించాడు. ఆయనకి అరవై దాటాయి. చెక్క చేతికందితే ముందు వేలికణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు. రేవు దగ్గర పాత రైసుమిల్లు పడగొడుతున్నారనీ, అందులో టేకు పలకలు ఉన్నాయనీ చెప్పాడు.

"అరవయ్యేళ్ళుగా ఎండిన సరుకండి అది. ఇంక వంగదు, ఉబ్బదు. కానీ అమ్మగారూ, దాన్ని రాయికి అంటించేస్తే చెక్క కూడా రాయైపోద్దండి. కింద అడ్డకర్రలేసి, ఆ మీద పలకలు పరవాలి. మధ్యలో గాలాడాలి. అప్పుడు చూడండి, కాలేస్తే అదే లేపుద్ది."

పలకలు తెచ్చి పదిరోజులు హాల్లోనే పడుకోబెట్టాడు. గోదారి గాలికి అలవాటు పడాలట. తరవాత పరిచాడు. గోడల పక్కన వేలు పట్టేంత సందు వదిలాడు. అంతా అయ్యాక హైమని పిలిచి, తను గుమ్మం బయట నిలబడ్డాడు.

హైమ నేలకి నమస్కారం చేసి, ఒక అడుగు వేసింది. ఆ పలకలు బరువుగా, తియ్యగా పలికాయి. మరో అడుగు వేసింది. తరవాత ఆపలేదు. పావుగంట ఆడి, చెమటలు కారుతూ నా దగ్గరకొచ్చి, "ఏవండీ, నొప్పి లేదు," అంది. బ్రహ్మాజీ కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆయనకి చెమట పట్టలేదు, నేను చూశాను.

మా కథ అక్కడితో అయిపోవాల్సింది. కానీ అదే వారంలో మా పురపాలక సంఘం 'స్వచ్ఛంద గృహ మార్పుల వెల్లడి పక్షోత్సవాలు' ప్రారంభించింది. ఆటోకి మైకు కట్టి, "మార్పు చేశారా? మాతో చెప్పారా?" అని వీధివీధీ తిరిగారు. నేను డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్ని. వచ్చిన ప్రతిదాన్నీ నమోదు చెయ్యకపోతే నాకు అన్నం సయించదు. ఉత్సాహంగా కంప్యూటరు ముందు కూర్చున్నాను.

'మీరు చేర్చినది ఏమి?' అని అడిగింది ఫారం. గోడ, గది, ఫ్లోరు, ఇతరములు అని నాలుగున్నాయి. 'ఇతరములు' నొక్కితే కదల్లేదు. ఫ్లోరు నొక్కాను. 'ఎన్ని?' ఒకటి. 'దేనితో?' చెక్కతో. 'కింది తలానికీ దీనికీ మధ్య ఖాళీ కలదా?' కలదు. బ్రహ్మాజీ అంత శ్రద్ధగా వదిలిన ఖాళీని దాచడమెందుకు?

తెర మీద పువ్వులు రాలాయి. 'అభినందనలు! మీ భవనంలో ఫ్లోర్ల సంఖ్య: మూడు.'

అయిదో రోజున నోటీసు వచ్చింది. మా వీధి వెడల్పు ఇరవై అడుగులనీ, అందులో కింద ఒకటి, పైన ఒకటికి మించి ఫ్లోర్లు ఉండరాదనీ, మేము సదరు నిబంధనను ఉల్లంఘించి మూడవ ఫ్లోరు లేపితిమనీ, కావున దానిని ఎందుకు కూల్చరాదో ఏడు దినములలో చెప్పవలెననీ అందులో ఉంది.

పరుగెత్తుకుంటూ ఆఫీసుకి వెళ్ళాను. పట్టణ ప్రణాళికాధికారి పేరు మార్కండేయులు. పల్చటి మనిషి, జేబులో నాలుగు పెన్నులు. ఆయన గురించి ఊళ్ళో ఒక భయంకరమైన ప్రచారం ఉంది. పూర్తిగా నిజాయితీపరుడట.

"ఇది చెక్క ఫ్లోరండీ. అంటే నేల మీద పరిచే చెక్క," అన్నాను.

"ఫ్లోరు అన్న పదం తమరే వాడారు," అన్నాడాయన, ఫైలు తిప్పుతూ. "నియమావళి నాలుగు బి చిత్తగించండి. 'కింద ఒక తలము, పైన ఒక తలము ఉండి, ఉభయముల నడుమ ఖాళీ జాగా ఉన్న ఎడల, అట్టి జాగా ఒక అంతస్తుగా పరిగణింపబడును.' తమరికి కింద గ్రానైటు తలం ఉంది. పైన టేకు తలం ఉంది. నడుమ ఖాళీ ఉన్నదని తమరే స్వహస్తాలతో వెల్లడించారు."

"ఆ ఖాళీ రెండున్నర అంగుళాలండీ!"

ఆయన తల ఎత్తాడు. మొహంలో మొదటిసారి ఆందోళన కనిపించింది. "రెండున్నర అంగుళాలా? నివాసయోగ్యమైన అంతస్తు తొమ్మిది అడుగులకు తగ్గరాదు. అయితే తమరివి రెండు ఉల్లంఘనలు," అని పెన్ను మార్చి రెండోది రాసుకున్నాడు.

మర్నాడే తనిఖీకి వచ్చాడు. బూట్లతో హాల్లోకి ఎవర్నీ రానివ్వదు హైమ. ఆయన గుమ్మంలోనే ఆగి, టేపు తీసి, అడ్డకర్రలు కనిపించే మూల దగ్గర వంగి కొలిచాడు.

"రెండవ అంతస్తుకు, అనగా ఈ చెక్క మీదికి, మెట్లేవి?"

"గుమ్మం దాటితే వచ్చేసినట్టేనండీ," అంది హైమ.

"మెట్లు లేవు," అని రాశాడు. "ఈ చెక్క కింది మొదటి అంతస్తులో ఎవరుంటున్నారు?"

అక్కడే ఉన్న బ్రహ్మాజీకి ఉండబట్టలేదు. "చీమలుంటాయండీ."

"ఎందరు?"

"అదేటండీ బాబూ! ఎగతాళికన్నాను!"

"తనిఖీ సమయంలో ఉచ్చరించబడిన ప్రతి మాటా నమోదు చేయడం నా విధి," అన్నాడు మార్కండేయులు. 'నివాసులు: చీమలు. సంఖ్య తేలవలసి ఉన్నది' అని రాసుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, "రెండవ అంతస్తులో నలభై ఒక్కమంది బాలబాలికలు విద్య నభ్యసిస్తున్నందున, విషయాన్ని అగ్నిమాపక విభాగం దృష్టికి తీసుకువెళ్తున్నాను. ఇది తమ క్షేమం కోసమే," అన్నాడు. అది నిజంగానే మా క్షేమం కోసం అన్నాడు. అందుకే వీధిదాకా వెళ్ళి సాగనంపాం.

శనివారం ఉదయం మా వీధిలోకి ఎర్ర వ్యాను వచ్చింది. అగ్నిమాపక అధికారి పొడుగాటి, ఉషారైన మనిషి. రెండవ అంతస్తు నుంచి మొదటి అంతస్తుకి పిల్లల్ని ఎన్ని నిమిషాల్లో దింపగలమో పరీక్ష చెయ్యాలన్నాడు. చెక్క అంచుకీ వరండాలోని గ్రానైటుకీ మధ్య నలుగురు మనుషులు వల పట్టుకుని కూర్చున్నారు. నిలబడితే వల చెక్క కన్నా ఎత్తు అయిపోతోంది మరి. చివరికి దాన్ని నేల మీదే పరిచేశారు.

"ప్రమాదం! ప్రమాదం! ఎవరూ భయపడకండి! ఒక్కొక్కరూ దూకండి!" అని ఆయన మైకులో అరిచాడు.

పిల్లలు గజ్జెలతో ఒక్కొక్కరే రెండున్నర అంగుళాల ఎత్తు నుంచి దూకారు. దూకినవాళ్ళు వెనకవైపు గుమ్మంలోంచి మళ్ళీ వచ్చి వరసలో నిలబడ్డారు. ఎంతసేపు లెక్కపెట్టినా ప్రమాదంలో చిక్కుకున్నవాళ్ళు తరగడం లేదు. అరగంటకి నూట ఇరవై ఆరుమందిని కాపాడినట్టు తేలింది. ఎదురింటి వాళ్ళు కుర్చీలు వేసుకుని చూశారు. ఆఖర్న ఆయన టోపీ తీసి, "నా సర్వీసులో ఒక్క గీత కూడా పడకుండా ఇంతమందిని దింపడం ఇదే మొదటిసారి," అని మార్కండేయులుకి నివేదిక ఇచ్చాడు. అందులో, 'రెండవ అంతస్తు ఉన్నట్టు ప్రత్యక్షంగా నిర్ధారించడమైనది' అన్న వాక్యం కూడా ఉంది.

ఆ వాక్యమే మా కొంప ముంచింది. అనుమానంగా ఉన్న అంతస్తు ఇప్పుడు అధికారికమైపోయింది. బుధవారం ఉదయం పది గంటలకి కూల్చివేత అని ఆజ్ఞ వచ్చింది. వార్షికోత్సవం గురువారం. ఆహ్వాన పత్రికలు అప్పటికే పంచేశాం. ముఖ్య అతిథి ఎవరో కాదు, మున్సిపల్ కమిషనర్ సుజనప్రియ గారే.

నేను ఆవిడ ఆఫీసుకి పరుగెత్తాను. ఆవిడ చాలా మర్యాదగా కూర్చోబెట్టారు. "శంకరం గారూ, మీ కార్యక్రమానికి తప్పకుండా వస్తాను. కానీ కింది అధికారి నిబంధన ప్రకారం రాసింది నేను కొట్టెయ్యకూడదు కదండీ. ఆయన కనుగొన్న విషయాన్ని ఆయనే మార్చుకోవాలి," అన్నారు. "ఆయన మార్చుకోగా నేనెప్పుడూ చూడలేదు," అని కూడా అన్నారు.

మంగళవారం హైమ పాఠం చెప్పలేదు. పిల్లల్ని ఇంటికి పంపేసి, హాలు మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పక్కన కూర్చున్నాను.

"గ్రానైటు మీదే ఆడేస్తానండీ," అంది. "ఒక్కరోజే కదా."

"తరవాత?"

"తరవాత కుర్చీ ఉంది కదా."

పలకల మీద అరిచెయ్యి ఆనించి కూర్చున్నాను. ఎండకి అవి వెచ్చగా ఉన్నాయి. ఈ గ్రానైటు వేయించింది నేనేనని ఆవిడ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దెప్పలేదు.

బుధవారం పది గంటలకి మార్కండేయులు వచ్చాడు. వెనక గునపాలతో నలుగురు మనుషులు. బ్రహ్మాజీ కూడా వచ్చాడు. పలకలు విరగ్గొట్టకుండా తన చేతులతోనే ఊడదీస్తానని ఆయన బతిమాలుతున్నాడు.

"కూల్చే ముందు తుది తనిఖీ జరగాలి. నేను లోపలికి వెళ్ళి నాలుగు మూలలా కొలవాలి," అన్నాడు మార్కండేయులు.

"బూట్లు," అంది హైమ.

"అమ్మా, విధి నిర్వహణలో ఉన్న అధికారి..."

"కూల్చేదాకా అది నా పిల్లలు ఆడే చోటండీ. బూట్లు విప్పండి."

ఆయన ఒక క్షణం ఆలోచించి, గుమ్మం పక్కన కూర్చుని బూట్లు, మేజోళ్ళు విప్పాడు. పాదాలు చూసి హైమ మొహం మారిపోయింది. మడమలు పగిలి, వాచి ఉన్నాయి. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఊళ్ళో ప్రతి ఇంటినీ నడిచే కొలిచాడట ఆ మనిషి. ఆఫీసు జీపు ఎక్కితే సొంత సుఖం కింద వస్తుందని భయం.

ఒక అడుగు వేశాడు. ఆగాడు. మరో అడుగు వేశాడు. కొలవడానికి తీసిన టేపు చేతిలోనే ఉండిపోయింది. హాలు మధ్యదాకా నడిచి, కళ్ళు మూసుకుని, మడమల మీద బరువు వేసి నిలబడ్డాడు. అలా ఎంతసేపు నిలబడ్డాడో చెప్పలేను. గునపాలవాళ్ళు బీడీలు ముట్టించుకున్నారు.

"అబ్బా," అన్నాడు చివరికి, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "ఈ నేల ఎంత హాయిగా ఉందమ్మా!"

హైమ చటుక్కున ముందుకొచ్చింది. "ఏమన్నారు?"

"హాయిగా ఉందన్నాను."

"దేన్నండీ?"

"ఈ నేలని." అని, నోటి మీద చెయ్యి వేసుకున్నాడు.

"తనిఖీ సమయంలో వచ్చిన ప్రతి మాటా రాసుకోవాలని మీరే సెలవిచ్చారు," అంది హైమ నెమ్మదిగా. "మా బ్రహ్మాజీ చీమల్ని కూడా రాసుకున్నారు. ఇది రాసుకోరా?"

మార్కండేయులు మొహంలో పెద్ద యుద్ధమే జరిగింది. అబద్ధం రాయలేడు. అన్న మాట రాయకుండా ఉండలేడు. ఆఖరికి నాలుగో పెన్ను తీశాడు. 'పరిశీలనాధికారి స్వయముగా నిలబడి చూడగా, సదరు తలము నేల అని తేలినది.' రాసినదాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. హఠాత్తుగా ఆయన కళ్ళు మెరిశాయి.

"నేల అంటే గ్రౌండ్! కనుక ఇది గ్రౌండ్ ఫ్లోరు! గ్రౌండ్ ఫ్లోరును కూల్చమని నియమావళిలో ఎక్కడా లేదు!"

"మరి కింద ఖాళీ అండి?" అన్నాడు బ్రహ్మాజీ, ఊరుకోలేక. నేను ఆయన చెయ్యి గిల్లాను.

"గ్రౌండ్ ఫ్లోరు కింద ఖాళీ ఉంటే అది పునాది. పునాదికి ఎత్తు నిబంధన లేదు. చీమలు అందులో ఉండవచ్చు." ఆయన ఉత్సాహంగా రాసుకుపోతున్నాడు. మధ్యలో పెన్ను ఆగింది. "అయితే... తమరు కాపురం ఉంటున్న కింది భాగం గ్రౌండ్ ఫ్లోరుకి దిగువన ఉంది. అంటే సెల్లారు. సెల్లారులో నివాసం నిషిద్ధం. వాహనాలు మాత్రమే ఉండాలి."

మా కాపురం వీధిన పడిందనుకున్నాను. కానీ ఇప్పుడాయన మా వైపు మనిషి. తనే కాసేపు తల గోక్కుని దారి కనిపెట్టాడు. "వాహనాలకు కాపలాదారులు ఉండవచ్చు. వారు అక్కడే వండుకుని, పడుకోవడానికి అభ్యంతరం లేదు. తమకి వాహనం ఉందా?"

"స్కూటరుందండీ."

"చాలు."

ఆ మధ్యాహ్నమే మా స్కూటరు కింది హాల్లోకి వచ్చింది. సోఫా పక్కకి జరిపి, టీవీ ఎదురుగా స్టాండు వేశాం. గోడ మీద మార్కండేయులు స్వయంగా సున్నంతో 'పార్కింగు' అని రాయించాడు. రికార్డుల్లో ఇప్పుడు నేనూ, డాక్టరేటు ఉన్న మా ఆవిడా ఒక స్కూటరుకి కాపలాదారులం.

గురువారం సాయంత్రం ఊరంతా వచ్చింది. కమిషనర్ గారు మా స్కూటరు పక్కనుంచి, ఏమీ అడక్కుండా, పద్దెనిమిది మెట్లెక్కి ఆయాసపడుతూ పైకొచ్చారు.

"గ్రౌండ్ ఫ్లోరనే రాశారు కదండీ మార్కండేయులు గారూ?" అన్నారు గుమ్మంలో నిలబడి.

"పునాది బలంగా వేశారు మేడమ్," అన్నాడాయన.

హైమ ఆడింది. రెండేళ్ళ తరవాత ఆడింది. మొదటి అడుగుకే పలకలు పలికాయి. ముందు వరసలో పిల్లలు మాటలు మానేశారు. యాభై ఏళ్ళ మనిషి అలా గాలిలోకి లేచి, పువ్వులా దిగడం నేను కళ్ళారా చూశాను. జతి ముగించి నిలబడేసరికి హాలంతా చప్పట్లు. ఆవిడ జనం మీదుగా నన్ను వెతుక్కుని, ఒక పాదం కొంచెం ఎత్తి చూపించి నవ్వింది. నొప్పి లేదని.

బ్రహ్మాజీకి శాలువా కప్పుతూ కమిషనర్ గారు పరవశంగా అన్నారు: "ఎంత బావుందండీ ఈ చెక్క! మా బంగళాలో మేడ మీద గది ఖాళీగా ఉంది. నాకూ ఇలాంటిదే వేసిపెడతారా?"

"తప్పకుండానండీ. ఆయ్!" అన్నాడు బ్రహ్మాజీ.

పక్కనే కుర్చీలోంచి మార్కండేయులు లేచాడు. చెప్పుల్లేని కాళ్ళతో, వినయంగా, జేబులోంచి టేపు తీస్తూ అన్నాడు: "ముందుగా మీ కారు కింది హాల్లో పడుతుందో లేదో కొలవాలి మేడమ్."